టీ గీత లేతగా వస్తే ఏంటి అర్థం?

తార్నాక దాటి ఉప్పల్ రోడ్డెక్కితే హబ్సిగూడలో సీసీఎంబీ వస్తుంది కదా. 2020లో కోవిడ్ టైంలో వాళ్లు ఒక చిన్న మార్పు చేశారు. ముక్కులోంచి తీసిన స్వాబ్‌ని లిక్విడ్ ట్యూబ్‌లో వేయకుండా పొడిగానే ల్యాబ్‌కి పంపొచ్చని చూపించారు. లీకేజీ గొడవ తగ్గింది, ఆర్‌ఎన్‌ఏ విడిగా తీసే పనీ తప్పింది. నవంబర్‌లో ఐసీఎంఆర్ ఓకే చేసింది. పాత పద్ధతితో 96.9 శాతం ఫలితాలు కలిశాయి.

అది ల్యాబ్ వాళ్ల చేతిలో పని. 2021 మేలో ఇంట్లో మనమే చేసుకునే కిట్‌కి పర్మిషన్ వచ్చింది. అసలు తిప్పలు అక్కడే! సీ దగ్గర గీత రాకపోతే టెస్ట్ చెల్లదు. సీ గీత ఉండి, టీ గీత లేతగా వచ్చినా పాజిటివే. "లేతగానే ఉంది, ఏం కాదులే" అనుకుని అమ్మమ్మ పక్కన కూర్చుంటే? కిట్ కరెక్ట్‌గానే చెప్పింది, మనకే అర్థం కాలేదు.

ఇలాంటివి ముందే పట్టుకోవడమే యూజబిలిటీ రీసెర్చ్. మీరు ఓయూ క్యాంపస్‌లో ఇలాంటి కిట్ డిజైన్ చేస్తున్నారనుకోండి. హాస్టల్ ఫ్రెండ్‌కి ఇస్తే సరిపోదు, వాడు కాగితం చదివేసుకుంటాడు. గీతలు ముందే వేసిన డమ్మీ కిట్ పట్టుకుని తార్నాక చౌరస్తాకి వెళ్లండి. పండ్లమ్మే అక్కకి, కళ్లజోడు మర్చిపోయొచ్చిన తాతకి, ఒప్పుకుంటేనే ఇవ్వండి. మీరేం చెప్పొద్దు. చెయ్యి ఎక్కడ ఆగిందో చూడండి చాలు. (కష్టమే, నోరు ఊరుకోదు!) చివర్లో "అర్థమైందా?" అనొద్దు, మొహమాటానికి "ఆ" అంటారు. "రిజల్ట్ ఏమొచ్చింది?" అని అడగండి. తప్పు చెప్తే బొమ్మ మార్చి మళ్లీ టెస్ట్ చేయండి, ఈసారి కొత్తవాళ్లతో. పాతవాళ్లు అప్పటికే నేర్చేసుకుని ఉంటారు.