లాంగ్ వీకెండుకి పారిస్: సూట్‌కేసు కన్నా ముందు పాస్‌పోర్టు తెరవండి

ఆమధ్య మెమోరియల్ డే వీకెండుకి మేము నలుగురు మిత్రులం పారిస్ వెళ్దామనుకున్నాం. గురువారం సాయంత్రం నూవర్క్‌లో విమానం ఎక్కితే ఏడు గంటల్లో అక్కడుంటాం. ఒక్క రోజు సెలవుతో మూడు రోజుల షికారు! టికెట్లు, హోటలు అన్నీ అయిపోయాయి. బయలుదేరే వారం ముందు అందరి కాగితాలూ ఒకచోట పెట్టి చూస్తే, మాలో ఒకడి అమెరికా వీసా స్టాంపు గడువు నాలుగు నెలల క్రితమే ముగిసింది. "నాకు 797 ఉందిగా! ఆఫీసు పనిమీద తీసుకున్న షెంజెన్ వీసా కూడా ఉందిగా!" అన్నాడు. రెండూ నిజమే. వెళ్ళడానికి అడ్డు లేదు, తిరిగి రావడానికే దారి లేదు. మేము ముగ్గురం వెళ్ళాం. వాడు ఎడిసన్‌లో ఉండిపోయాడు.

ఇలాంటి పొరపాటు మన పాఠకులకు జరగకూడదనే ఈ నాలుగు మాటలు.

797 వేరు, స్టాంపు వేరు

ఐ-797 అనేది ఇక్కడ ఉండి పనిచేయడానికి అనుమతి. పాస్‌పోర్టులోని స్టాంపు బయటినుంచి వచ్చి తలుపు తట్టడానికి. ఇక్కడే ఉండి హెచ్-1బి పొడిగించుకుంటే మొదటిది వస్తుంది, రెండోది రాదు. గడువు తీరిన స్టాంపుతో పారిస్ నుంచి విమానమే ఎక్కనివ్వరు.

"కెనడా వెళ్ళి అలాగే వచ్చాం కదా" అనేవాళ్ళు ఉన్నారు. అది ఆటోమేటిక్ రీవాలిడేషన్. కెనడా, మెక్సికోలకు మాత్రమే వెళ్ళి 30 రోజుల్లోపు తిరిగొచ్చే హెచ్-1బి వారికి, ఐ-94 చెల్లుబాటులో ఉంటే, ఆ వెసులుబాటు ఉంది. యూరప్‌కి లేదు. పోనీ పారిస్‌లోనే స్టాంపింగ్ చేయించుకుందామా అంటే, 2025 సెప్టెంబరులో వచ్చిన ఆదేశాల ప్రకారం సొంత దేశంలోనో, నివాసమున్న దేశంలోనో దరఖాస్తు చేసుకోవాలి. మనవాళ్ళకి అంటే ఇండియా ప్రయాణమే.

గ్రీన్ కార్డు దరఖాస్తు పెండింగులో ఉన్నవారు ఇంకా జాగ్రత్తపడాలి. అడ్వాన్స్ పెరోల్ గానీ, చెల్లుబాటయ్యే హెచ్ లేదా ఎల్ వీసా గానీ లేకుండా దేశం దాటితే ఆ దరఖాస్తు వదులుకున్నట్టే లెక్క. అటార్నీని అడగకుండా టికెట్ కొనవద్దు.

షెంజెన్ వీసా సంగతి

గ్రీన్ కార్డు ఉన్నా, చేతిలో ఇండియన్ పాస్‌పోర్టు ఉంటే షెంజెన్ వీసా తప్పదు. అమెరికన్ పాస్‌పోర్టు ఉన్నవారు 180 రోజుల్లో 90 రోజుల వరకు వీసా లేకుండా ఉండవచ్చు. ఒక్క వీసాతో 29 దేశాలు తిరగవచ్చు గానీ, ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు చేయాలి. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి 15 రోజుల ముందు వరకు తీసుకుంటారు. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, ఒక్కోసారి 45 రోజులు. 2024 జూన్ నుంచి ఫీజు 90 యూరోలు. కనీసం 30,000 యూరోల ట్రావెల్ ఇన్సూరెన్సు ఉండాలి. యూరప్ నుంచి బయటికొచ్చే తేదీ తర్వాత కూడా పాస్‌పోర్టుకి మూడు నెలల గడువుండాలి.

తిరిగొచ్చాక ఆన్‌లైన్‌లో మీ ఐ-94 చూసుకోండి. పాస్‌పోర్టు గడువు దగ్గరపడితే, ఆ తేదీ వరకే ఇచ్చే అవకాశం ఉంది.

ఇక పారిస్

లూవ్ర్ మ్యూజియానికి మంగళవారం సెలవు. ఈఫిల్ టవర్ చూశాక నది దాటి కాస్త నడిస్తే గిమే మ్యూజియం వస్తుంది. అక్కడ మన అమరావతి శైలి శిల్పాలున్నాయి. 1954 దాకా యానాంని ఏలినవారి రాజధానిలో కృష్ణా తీరపు రాతిని చూస్తుంటే మాట రాలేదు. దోసె మీద మనసు పోతే గార్ దు నార్ స్టేషను దగ్గర లా షాపెల్ వీధుల్లో తమిళుల హోటళ్ళున్నాయి.

అన్నీ బాగానే ఉన్నాయి గానీ, ఉండిపోయినవాడికి ఫొటోలు పంపాలంటే చెయ్యి రాలేదు. వాడు తర్వాత ఇండియా వెళ్ళి స్టాంపింగ్ చేయించుకొచ్చాడు. ఈసారి నలుగురం కలిసే వెళ్తాం. ముందు నాలుగు పాస్‌పోర్టులూ బల్లమీద పెట్టి, ఆ తర్వాతే టికెట్లు.

శుభ ప్రయాణం!