పది దేశాలు చదివిన వరి

బీపీటీ అంటే తెలియనివారు వేములపల్లి చుట్టుపక్కల ఉండరు. సాగర్ ఎడమ కాలువ నీళ్లతో పండి, మిర్యాలగూడ మిల్లుల్లో బియ్యమై మన కంచాల్లోకొచ్చే సన్నరకం. బాపట్ల శాస్త్రవేత్తలు 1986లో ఇచ్చిన ఈ సాంబ మసూరికి రుచి ఉంది, గిరాకీ ఉంది. లేనిదల్లా బాక్టీరియా ఆకు ఎండు తెగులును తట్టుకునే శక్తే. గాలివాన వచ్చి వెళ్లిందంటే భయం. ఆకు కొస పసుపుబారి, అంచుల వెంబడి ఎండుకుంటూ కిందికి దిగుతుంది. మందు కొట్టినా పెద్దగా లాభముండదు. పెట్టుబడంతా మళ్లో పోసిన రైతు గట్టుమీద నిలబడి చూడాల్సిందే!

మందు పనిచేయనప్పుడు మొక్కకే బలం ఉండాలి. ఆ బలమిచ్చే జన్యువు ఏది, ఎక్కడుంది? తెలియాలంటే వరి డీఎన్ఏ మొత్తం చదవాలి. 12 క్రోమోజోములు, దాదాపు 39 కోట్ల అక్షరాలు మరి. ఒక్క దేశం వల్ల అయ్యేది కాదని 1998లో పని పంచుకోవడం మొదలుపెట్టారు. పెద్ద వాటా జపాన్‌ది. నాలుగో క్రోమోజోము చైనా, అయిదోది తైవాన్, పన్నెండోది ఫ్రాన్స్ తీసుకున్నాయి. 2000లో చేరిన మనకు పదకొండోదానిలో కొంతభాగం వచ్చింది. ఢిల్లీ విశ్వవిద్యాలయం, భారత వ్యవసాయ పరిశోధన సంస్థల్లోని బృందాలు దాన్ని చదివాయి. అలా మొత్తం పది దేశాలు.

ఈలోగా కంపెనీలూ రంగంలోకి దిగాయి. 2000లో మోన్‌శాంటో, 2001లో సింజెంటా తమ దగ్గర వరి చిత్తుప్రతి సిద్ధమైందని ప్రకటించాయి. కోట్లమంది తినే గింజ గుట్టు కంపెనీ బీరువాలో పడుతుందేమోనన్న భయం ఊరికే పుట్టలేదు. తర్వాత ఆ రెండూ తమ సమాచారాన్ని ఈ బృందానికి ఇచ్చాయి, అది వేరే సంగతి. పది దేశాలు మాత్రం చదివింది చదివినట్టే అందరి ముందూ పెట్టాయి. అమెరికా, ఐరోపా, జపాన్‌లలోని మూడు డేటాబ్యాంకులు రోజూ నెట్‌వర్క్ మీద సమాచారం ఇచ్చిపుచ్చుకుంటాయి. ఒకచోట దాచింది మిగతా రెండుచోట్లా దొరుకుతుంది. పూర్తి ప్రతి 2005 ఆగస్టులో 'నేచర్' పత్రికలో వచ్చింది. జన్యువులు 37,544 ఉంటాయని లెక్కకట్టారు.

ఇంతకీ మన బీపీటీకి ఏం ఒరిగింది? ఆఫ్రికాలోని మాలి దేశపు అడవి వరిలో ఎండు తెగులును అడ్డుకునే ఎక్స్‌ఏ21 అనే జన్యువు ఉంది. మనవాళ్లు కొంత చదివిన ఆ పదకొండో క్రోమోజోములోనే దాని చోటు. కాలిఫోర్నియా శాస్త్రవేత్తలు 1995లోనే దాన్ని పట్టుకున్నారు. అప్పటికింకా వరి పూర్తి ప్రతి లేదు కాబట్టి వెతకడానికి ఏళ్లు పట్టింది. దాన్నీ, అలాంటివే మరో రెండింటినీ హైదరాబాద్‌లోని సీసీఎంబీ, రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ కలిసి సాంబ మసూరిలోకి తెచ్చాయి. 2008లో విడుదలైన 'మెరుగైన సాంబ మసూరి' అదే. జన్యుమార్పిడి పంట కాదు సుమా! సంకరం చేసి, ఏ మొక్కలో ఆ జన్యువులు వచ్చాయో డీఎన్ఏ గుర్తులతో ఏరుకున్నారు.

తర్వాత పని ఒక్క రకంతో ఆగలేదు. చైనా, ఫిలిప్పీన్స్ సంస్థలు కలిసి 89 దేశాల నుంచి వచ్చిన 3 వేల వరి రకాలను చదివి 2014లో అందరికీ ఇచ్చేశాయి. ఆ సమాచారం 13 టెరాబైట్లకు పైనే. పది మెగాబిట్ల లైనులో దింపుకోవాలంటే రాత్రీపగలూ ఆపకుండా నాలుగు నెలలు! పది గిగాబిట్ల పరిశోధన లైనులో పూర్తి వేగం దొరికితే మూడు గంటల పని. ఆ చదివే పని చేసిన చైనా సంస్థ బీజీఐ ఒకప్పుడు ఇలాంటి సమాచారాన్ని హార్డ్‌డిస్కుల్లో నింపి కొరియర్‌లో పంపేదంటే నమ్ముతారా?

మనదేశంలో విద్యాసంస్థల కోసం 1986లోనే ఎర్నెట్ మొదలైంది. వేగం కోసం జాతీయ విజ్ఞాన నెట్‌వర్క్‌కు కేంద్రం 2010 మార్చిలో 5,990 కోట్ల రూపాయలతో ఆమోదం తెలిపింది. విశ్వవిద్యాలయాలను, పరిశోధనశాలలను ఒకదానితో ఒకటి కలిపి, ఐరోపాలోని 'జియాంట్' వంటి నెట్‌వర్కులతోనూ ముడివేశారు.

ఎండు తెగులుకు జవాబు దొరికినా బీపీటీకి అగ్గితెగులు, దోమపోటు బెడద తీరలేదు. వాటిని తట్టుకునే జన్యువుల కోసం ఇప్పుడు శాస్త్రవేత్తలు ముందుగా వెతికేది పొలాల్లో కాదు, ఇలాంటి సమాచార భాండాగారాల్లోనే.