అమ్మ గాజులూ, అర్థశాస్త్రమూ

ఎం.ఏ. ఎకనమిక్సు చదివానని చెప్పగానే పేరంటాలలో నాకు ఎదురయ్యే ప్రశ్న ఒకటే: "అయితే బంగారం ధర తగ్గుతుందంటావా, అమ్మాయ్?" ముప్పై ఏళ్ళు దాటినా ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. కాని బంగారానికీ నా చదువుకీ ఉన్న సంబంధం మాత్రం చెప్పగలను.

1991లో నాకు వాల్తేరులో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సీటు వచ్చింది. నాన్నగారు ఎలిమెంటరీ స్కూలు మేష్టరు. "బ్యాంకు పరీక్షలు రాసుకోక ఇంకా చదువేమిటి?" అన్నారు. అమ్మ ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున్న నా పెళ్ళికని దాచిన నాలుగు గాజులూ తెచ్చి నాన్నగారి చేతిలో పెట్టింది. "పెళ్ళి రెండేళ్ళు ఆగుతుంది. సీటు ఆగదు" అంది.

ఆ జూలైలోనే పేపర్లలో మరో తాకట్టు కథ వచ్చింది. విదేశాలనుంచి సరుకు కొనడానికి దేశం దగ్గర కొద్ది వారాలకు సరిపడే డబ్బే మిగిలిందట. రిజర్వు బ్యాంకు సుమారు 47 టన్నుల బంగారం ఇంగ్లండు, జపాను కేంద్ర బ్యాంకులకు కుదువపెట్టి అప్పు తెచ్చింది. 1న ఒకసారి, 3న మరోసారి రూపాయి విలువ తగ్గించారు. పేపరు చదివి వినిపిస్తే అమ్మ, "పాపం, వాళ్ళకు వడ్డీ ఎంత పడిందిటే?" అంది. నాకు నవ్వొచ్చింది. అసలైన ప్రశ్న అదేనని తరవాత క్లాసులో తెలిసింది.

1926లో పుట్టిన యూనివర్సిటీ అది. అక్కడి పెద్ద లైబ్రరీకి, 1949 నుంచి 1961 దాకా వైస్‌ఛాన్సలరుగా ఉన్న డాక్టర్ వి.ఎస్. కృష్ణగారి పేరు పెట్టారు. ఆయనా అర్థశాస్త్రవేత్తే. ఆ లైబ్రరీలో కూచుని మొదటి మూడు నెలలూ నేను చేసిన పని, కళ్ళనీళ్ళు తుడుచుకోవడం. తెలుగు మీడియంలో బి.ఏ. చదివి వచ్చినదాన్ని. ఇక్కడ పుస్తకాలన్నీ ఇంగ్లీషు, అందులో సగం లెక్కలు. కలనం రాకపోతే 'మార్జినల్' అన్న మాటే బోధపడదు. చివరకు ఒక సీనియరు చెప్పింది: "ఎండన పడి వచ్చినప్పుడు మొదటి గ్లాసు మజ్జిగ అమృతం, నాలుగోది మొహమాటం. ఆ తేడాయే మార్జినల్." ఆ తరవాత లెక్కలు కాస్త దారికొచ్చాయి.

ఒకరోజు మా ప్రొఫెసరుగారు, "ఈ చదువుకు మీకెంత ఖర్చవుతోంది?" అని అడిగారు. ఫీజు, మెస్సు బిల్లు, పుస్తకాలు అని లెక్క చెప్పాం. "మీ ఫీజు స్వల్పం. మిగతాది ప్రభుత్వం భరిస్తోంది. అగ్గిపెట్టె కొన్న కూలివాడు కట్టిన పన్నూ అందులో ఉంది. రెండేళ్ళు ఉద్యోగం చేస్తే వచ్చే జీతం వదులుకున్నారు, అదీ కలపండి. దేన్ని వదులుకున్నామో అదే అసలు ఖరీదు" అన్నారు. అవకాశ వ్యయం అంటే అదే. అందరూ జీతాలు కలుపుకుంటున్నారు. నేను మాత్రం, మట్టిగాజులతో పెళ్ళిళ్ళకు వెళుతున్న అమ్మను ఏ వరసలో రాయాలో తెలియక కలం పట్టుకుని కూచున్నాను.

ఇప్పుడు నా దగ్గరకు వచ్చే పిల్లల తల్లిదండ్రులు "ఈ చదువుతో ఏమొస్తుంది?" అంటారు. కాలేజీలో పాఠాలు చెప్పవచ్చు, యూపీఎస్సీ జరిపే ఇండియన్ ఎకనమిక్ సర్వీసు పరీక్ష రాయవచ్చు అని చెబుతాను. లెక్కలంటే భయముంటే ముందే దిద్దుకోమంటాను. ఎంత వస్తుందన్నది ఒక్కటే కాదు, ఎవరు ఏం వదులుకుంటున్నారో కూడా చూడమంటాను.

నాకు లెక్చరరు ఉద్యోగం వచ్చాక గాజులు విడిపించి అమ్మ చేతికి తొడగబోయాను. తొడగనివ్వలేదు. "బీరువాలో పెట్టవే. చెల్లికి సీటొస్తే మళ్ళీ కావాలి" అంది. కావలసే వచ్చాయి.

2009లో రిజర్వు బ్యాంకు అంతర్జాతీయ ద్రవ్యనిధి దగ్గర 200 టన్నుల బంగారం కొంది. ఆ వార్త కూడా అమ్మకు నేనే చదివి వినిపించాను. కాసేపు ఆలోచించి అడిగింది:

"అయితే ఈసారి ఎవరిని చదివిస్తారుటే?"