గర్భసంచి ఆపరేషన్‌కు తొందరపడకండి

నాట్లు వేసే రోజుల్లో, కలుపు తీసే రోజుల్లో పొద్దస్తమానం వంగి పనిచేసిన ఆడమనిషి నడుం పట్టుకుని కూర్చుంటే ఇంట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఎద్దు ఒక పూట మేత ముట్టకపోతే మాత్రం సాయంత్రానికల్లా పశువుల డాక్టరు దగ్గరికి పరుగెత్తుతాం. ఇది నిష్ఠూరం కాదు, ఉన్న మాటే.

ఆడవాళ్ళు కూడా చెప్పుకోరు. తెల్లబట్ట అవుతున్నా, ముట్టు పది రోజులైనా ఆగకపోయినా, పొత్తికడుపులో లాగుతున్నా ఏడాది, రెండేళ్ళు ఓర్చుకుంటారు. ఇక లేవలేని స్థితి వచ్చాక ఊళ్ళో ఆర్‌ఎంపి దగ్గరికి, అక్కణ్నుంచి టౌన్లో నర్సింగ్‌హోమ్‌కు. స్కానింగ్ తీస్తారు. "సంచి వాచింది, పుండు పడింది, తీయించకపోతే రేపు క్యాన్సర్ అవుతుంది" అంటారు. ఆ మాట విన్నాక ఏ భర్త ఆగుతాడు? మెడలో గొలుసు కుదువకు పోతుంది, లేదా పంట మీద అడ్తిదారు దగ్గర అప్పు పుడుతుంది. వారం తిరిగేసరికి ఆపరేషన్ అయిపోతుంది. పంపినవాళ్ళలో కొందరికి ముడుపు ముడుతుందన్నది ఊళ్ళలో అందరికీ తెలిసిన సంగతే.

రైతు సోదరులారా, అక్కచెల్లెళ్ళారా, ఈ ఆపరేషన్ మన దగ్గర ఎంత ఎక్కువో ఒక్కసారి చూడండి. 2015-16లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ లోపు స్త్రీలను అడిగారు. దేశం మొత్తం మీద గర్భసంచి తీయించుకున్నవాళ్ళు నూటికి 3.2 మంది. ఆంధ్రప్రదేశ్‌లో 8.9 మంది, తెలంగాణలో 7.7 మంది. దేశంలో మూడింట రెండు వంతుల ఆపరేషన్లు ప్రైవేటు ఆస్పత్రుల్లోనే జరిగాయి. మన ఆడవాళ్ళ గర్భసంచులే అంతగా ఎందుకు చెడిపోతున్నాయి? గాలిలో, నీళ్ళలో తేడా ఉందా? లేదు. పిల్లలు పుట్టడం అయిపోయింది, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ కూడా చిన్న వయసులోనే అయిపోయింది, ఇక ఆ సంచితో పనేముందన్న ఆలోచన మన వైపు బలంగా పాతుకుపోయింది. ఇంట్లో వాళ్ళూ అదే అంటారు, కొందరు డాక్టర్లూ అదే అంటారు.

నది అవతల తేలిన నిజం

ప్రాణహిత అవతలి ఒడ్డున మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా. అక్కడ డాక్టర్ రాణి బంగ్, ఆమె భర్త డాక్టర్ అభయ్ బంగ్ పల్లెల్లో ఉండి పనిచేశారు. రెండు ఊళ్ళలో 650 మంది ఆడవాళ్ళను, జబ్బుందని వచ్చినవాళ్ళనే కాకుండా బాగానే ఉన్నామన్న వాళ్ళను కూడా పరీక్షించారు. నూటికి 92 మందికి ఏదో ఒక స్త్రీ సంబంధమైన జబ్బు ఉన్నట్టు తేలింది. అంతకు ముందు ఎప్పుడైనా డాక్టరు చేత ఈ పరీక్ష చేయించుకున్నవాళ్ళు నూటికి 8 మందే. 1989లో ఈ ఫలితాలు లాన్సెట్ అనే పేరున్న వైద్య పత్రికలో వచ్చాయి. ఆడవాళ్ళ ఆరోగ్యమంటే కాన్పు, కుటుంబ నియంత్రణ అని మాత్రమే సర్కార్లు అనుకుంటున్న రోజులవి.

ఇందులో మనకు పనికొచ్చే మాట ఇంకొకటి ఉంది. ఆ జబ్బుల్లో సగం దాకా ఇన్ఫెక్షన్లే. అంటే మందులతో నయం చేయదగినవే. జబ్బు ఉన్నవాళ్ళందరికీ సంచి తీయడమే వైద్యమైతే ఆ రెండు ఊళ్ళలో ఇంటింటికీ ఆపరేషన్ చేయాల్సి వచ్చేది! నిమ్మచెట్టుకు ఆకుమచ్చ వచ్చిందని గొడ్డలి పట్టుకుంటామా?

ఏది సహజం, ఏది జబ్బు

రెండు ముట్టుల మధ్య కొద్దిగా, వాసన లేకుండా తెల్లబట్ట కావడం సహజం. దానికి మందే అక్కర్లేదు. వాసన, దురద, మంట ఉంటే ఇన్ఫెక్షన్. పరీక్ష చేసి మందులిస్తారు. కొన్నిటికి భర్త కూడా వాడాలి. ఆవిడ ఒక్కతే వాడితే మళ్ళీ మొదటికొస్తుంది. ఇక్కడ మగవాళ్ళు మొహమాటపడితే కుదరదు. తెల్లబట్ట ముదిరి క్యాన్సర్‌గా మారుతుందన్నది నిజం కాదు.

"పుండు" అని చెప్పేది చాలామందిలో జబ్బే కాదు, గర్భసంచి మూతి దగ్గర ఎర్రగా కనిపించే మామూలు తీరు. గడ్డలు కూడా అంతే. చిన్నవై, బాధ పెట్టకపోతే వాటి జోలికి పోనక్కర్లేదు. ముట్లు ఆగాక చాలావరకు అవే కుంచించుకుపోతాయి. ముట్టు ఎక్కువగా పోతుంటే ముందు రక్తం ఎంత ఉందో, థైరాయిడ్ ఎలా ఉందో చూడాలి. రక్తస్రావం తగ్గించే బిళ్ళలు, హార్మోన్ బిళ్ళలు, సంచిలో అమర్చే హార్మోన్ లూపు ఉన్నాయి. ఐరన్ బిళ్ళలు ఏఎన్ఎమ్మ దగ్గర ఉచితంగా దొరుకుతాయి. నడుము నొప్పికి సంచే కారణమని అనుకోవడం మరీ పొరపాటు. రోజంతా వంగి చేసే పనికి నడుము నొప్పి రాక ఏమవుతుంది? సంచి తీసినా ఆ నొప్పి ఉంటుంది.

అయితే ఆపరేషన్ ఎప్పుడూ వద్దని కాదు. క్యాన్సర్ తేలితే, మందులకు లొంగని రక్తస్రావం ఉంటే, పెద్ద గడ్డలు బాధిస్తుంటే, సంచి బాగా కిందికి జారితే తీయాల్సి రావచ్చు. ముట్లు ఆగిపోయాక మళ్ళీ రక్తం కనిపించినా, భార్యాభర్తలు కలిసినప్పుడు రక్తం వచ్చినా, దుర్వాసనతో రక్తం కలిసిన నీరు పోతున్నా ఒక్క వారం కూడా ఆగకుండా పెద్దాస్పత్రికి వెళ్ళాలి. పంట కోత అయ్యాక చూద్దామనుకోకండి.

క్యాన్సర్ భయం ఉన్నవాళ్ళకు తేలికైన పరీక్ష ఉంది. 30 నుంచి 65 ఏళ్ళ స్త్రీలకు అయిదేళ్ళకొకసారి సర్కారు ఆరోగ్య కేంద్రాల్లో చేయాలన్నది ప్రభుత్వ కార్యక్రమమే. సంచి మూతికి వెనిగర్ లాంటి ద్రావణం రాసి తెల్లమచ్చ వస్తుందేమో చూస్తారు. కొద్ది నిమిషాల పని. మీ ఆశా కార్యకర్తను అడిగి తేదీ తెలుసుకోండి.

తీసేశాక ఏమవుతుంది

ఆపరేషన్ అయ్యాక ఆరు నుంచి ఎనిమిది వారాలు బరువులు ఎత్తకూడదు. అంటే ఒక సీజన్ కూలి సగం పోయినట్టే. సంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ముప్పై అయిదేళ్ళ మనిషికి ఒక్కసారిగా ముట్లుడిగిన స్థితి వస్తుంది. ఒళ్ళు ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం, ఎముకలు గుల్లబారడం, ముందు ముందు గుండెకు ముప్పు. అండాశయాలు ఉంచినా కొందరిలో అవి తొందరగానే పని మానేస్తాయి. గొలుసు విడిపించుకోకముందే మోకాళ్ళు, నడుము పట్టేసిన ఇళ్ళు ఎన్నో.

మహారాష్ట్రలోని బీడ్ జిల్లా చెరకు కూలీల సంగతి ఇంకా ఘోరం. భార్యాభర్తలను జంటగా లెక్కగట్టి ముఠా మేస్త్రీ ముందే డబ్బిస్తాడు. ఒక రోజు మానితే జరిమానా. ముట్టు వస్తే పని చెడుతుందని సంచులే తీయించుకున్నారు. 2019లో ఆ రాష్ట్ర ప్రభుత్వం వేసిన కమిటీ సుమారు 82 వేల మంది స్త్రీలను విచారిస్తే 13 వేలకు పైగా మందికి ఆపరేషన్ అయినట్టు తేలింది.

రాజస్థాన్‌లోని దౌసాలో ఇలాంటివే సమాచార హక్కు కింద బయటికొస్తే డాక్టర్ నరేంద్ర గుప్తా 2013లో సుప్రీంకోర్టుకు వెళ్ళారు. పదేళ్ళు పట్టింది. అనవసరపు గర్భసంచి ఆపరేషన్లు అరికట్టేందుకు కేంద్రం 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని మూడు నెలల్లో అన్ని రాష్ట్రాలూ అమలు చేయాలని 2023 ఏప్రిల్ 5న కోర్టు ఆదేశించింది. జిల్లా స్థాయిలో కూడా పర్యవేక్షణ కమిటీ ఉండాలి. మీ జిల్లాలో ఉందో లేదో జిల్లా వైద్యాధికారి ఆఫీసులో అడిగే హక్కు మీకుంది. మహిళా సంఘం తరఫున అడిగితే జవాబు తొందరగా వస్తుంది.

డాక్టర్ను అడగాల్సినవి

జబ్బు పేరేమిటి, చీటీ మీద రాసివ్వండి అని అడగండి. మందులతో ఎన్ని నెలలు చూశారు? సంచి లోపలి పొర ముక్క తీసి పరీక్షకు పంపారా? అండాశయాలు ఉంచుతారా, తీస్తారా? ఈ నెలలోనే చేయకపోతే ఏమవుతుంది? జవాబు చెప్పడానికి విసుక్కునే చోట ఆపరేషన్ చేయించుకోకండి. స్కానింగ్ కాగితాలు తీసుకుని జిల్లా ఆస్పత్రిలోనో, బోధనాస్పత్రిలోనో ఇంకో స్త్రీల డాక్టరుకు చూపించండి. బస్సు చార్జీ తప్ప పెద్ద ఖర్చుండదు.

ఇప్పటికే చేయించుకున్నవాళ్ళు దిగులు పడి లాభం లేదు. తీసిన సంచిని పరీక్షకు పంపిన రిపోర్టు, డిశ్చార్జి చీటీ అడిగి తెచ్చుకోండి. అండాశయాలు ఉన్నాయో లేదో అందులో రాసి ఉంటుంది. ఆ కాగితాలు పట్టాదారు పాసుపుస్తకంతో పాటే పెట్టెలో దాచండి. నలభై అయిదు లోపు అండాశయాలు పోయినవాళ్ళు ఆ చీటీ తీసుకుని డాక్టర్ను కలిసి ఎముకల బలానికి, హార్మోన్లకు ఏం వాడాలో కనుక్కోండి.