పాత మస్టాంగ్‌కు సరైన కన్సోల్ ఏది?

ముందు సీట్ల మధ్య, గేర్ లివర్ చుట్టూ ఉండే పొడవాటి అమరికను సెంటర్ కన్సోల్ అంటారు. 1958 ఫోర్డ్ థండర్‌బర్డ్‌ను బాగా కిందికి ఉండేలా తయారు చేయడంతో డ్రైవ్ షాఫ్టు పోయే చోట కారు నేల ఎత్తుగా లేచింది. ఆ ఎత్తును కన్సోల్‌తో కప్పి, యాష్‌ట్రేలు, కిటికీ స్విచ్‌లు అందులోనే సర్దారు. 1964 ఏప్రిల్ 17న ఫోర్డ్ మస్టాంగ్ మార్కెట్లోకి వచ్చేనాటికి కన్సోల్ అదనంగా డబ్బు కట్టి వేయించుకునే సోకుగా మారింది. కాబట్టి ఆనాటి మస్టాంగులన్నింటికీ కన్సోల్ ఉండేది కాదు, ఉన్నవన్నీ ఒకే రకం కూడా కావు.

1965, 66 మోడళ్లకు రెండు రకాలు వచ్చాయి. ఏసీ లేని కారుకు డాష్‌బోర్డ్ కింది నుంచి వెనక్కి సాగే పూర్తి నిడివి కన్సోల్. ఏసీ ఉన్న కారుకు పొట్టిది, ఎందుకంటే అప్పటి ఏసీ యూనిట్ డాష్‌బోర్డ్ కింద వేలాడుతూ ఆ జాగాను ఆక్రమించేది. పాత కార్లను బాగుచేసేవారు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. 1967, 68 కన్సోల్ రూపమే వేరు: అది పైకి లేచి డాష్‌బోర్డ్‌తో కలిసిపోతుంది, రేడియో అందులోనే అమరుతుంది. దాన్ని 1966 కారులో బిగిస్తే ఎంత ఖరీదైనదైనా అతుకులాగే కనిపిస్తుంది.

కారు వివరాలు డ్రైవర్ తలుపు మీది చిన్న రేకులో ఉంటాయి. 1965 హార్డ్‌టాప్ రేకు మీద బాడీ కోడ్ 65ఏ అని ఉంటే మామూలు బకెట్ సీట్లు, 65బీ అయితే డీలక్స్ లోపలి అలంకరణ, 65సీ అయితే బెంచ్ సీటు. బెంచ్ సీటు కారుకు ఫ్యాక్టరీ కన్సోల్ లేదు. అదే రేకులోని గేర్‌బాక్సు గడిలో 5 ఉంటే నాలుగు గేర్ల మాన్యువల్, 6 ఉంటే ఆటోమేటిక్. లివర్ కదిలే తీరు వేరు కాబట్టి కన్సోల్ పై పలక కూడా దానికి తగ్గదే కావాలి.

అయితే ఆ కారుకు కన్సోల్ వేశారా లేదా అన్న సంగతి ఈ రేకు చెప్పదు. కార్పెట్ ఎత్తి నేల మీది స్క్రూ రంధ్రాలు చూడాలి. తర్వాతి యజమాని కొట్టిన రంధ్రాలూ అయ్యుండవచ్చు గనుక వాటినొక్కటే నమ్మకూడదు. 1967 నుంచి వచ్చిన ఫోర్డ్ కార్లకు మాత్రం మార్టీ రిపోర్ట్ తెప్పించుకోవచ్చు. ఫోర్డ్ రికార్డుల ఆధారంగా ఇచ్చే ఆ కాగితంలో కారుకు ఆర్డర్ చేసిన అదనపు సరంజామా రాసి ఉంటుంది.

కొత్తగా తయారైన నకలు కన్సోళ్లు మార్కెట్లో దొరుకుతాయి. రోజూ తిప్పే కారుకు అవి చాలు. పోటీ ప్రదర్శనకు పెట్టే కారుకైతే అదే ఏడాది, అదే గేర్‌బాక్సు కారు నుంచి తీసిన పాత కన్సోల్ వెతకడమే మేలు. కన్సోల్ లేకుండా వచ్చిందని తేలిన కారును అలాగే ఉంచడం అన్నిటికంటే సరైన పని.