క్రియ, హృదయము: ‘ఏకవీర’ నవల, చలనచిత్రము – ఒక పరిశీలన

విశ్వనాథ సత్యనారాయణ గారి ‘ఏకవీర’ 1930 ప్రాంతంలో ‘భారతి’ మాసపత్రికలో ధారావాహికగా వెలువడింది. సి.ఎస్. రావు దర్శకత్వంలో 1969లో అదే పేరుతో చలనచిత్రమైంది. కథాస్థలం నాయకరాజుల మధుర. మన తిరుపతి పక్కనున్న చంద్రగిరి నుండి విజయనగర చివరి ప్రభువులు పాలించిన కాలం, రాబర్ట్ ద నొబిలి మధురలో అడుగుపెట్టిన (1606) కాలం దాదాపు అదే. ఈ వ్యాసం ఒకే ప్రశ్నకు పరిమితము: దోషము క్రియలో మొదలవుతుందా, హృదయములోనా?

కథాసారం

సేతుపతి, వీరభూపతి ప్రాణస్నేహితులు. సేతుపతి మీనాక్షిని ప్రేమించాడు, పెద్దల మాట కాదనలేక ఏకవీరను పెండ్లాడాడు. వీరభూపతి ప్రేమించినది ఏకవీరను, అతనికి భార్యయైనది మీనాక్షి. ఒకరి ప్రేయసి మరొకరి ఇల్లాలని స్నేహితులిద్దరికీ తెలియదు. చివరికి ఒక్క క్షణం వీరభూపతి స్పర్శ ఏకవీరకు తగులుతుంది. దానితో తన పాతివ్రత్యం చెడిందని ఆమె నమ్ముతుంది. ఆమె జీవితం వైగై నదిలో ముగుస్తుంది.

నవల చూపినది

నవలలో ఆ స్పర్శ హఠాత్తుగా వచ్చినది కాదు. మాట్లాడని భర్త, ఎదురుచూసే భార్య, మరచిపోలేని జ్ఞాపకం – వీటిని రచయిత ఓపికగా చెప్పుకొచ్చాడు. కనుక పాఠకుడు ఏకవీరకు తీర్పు తీర్చేముందు ఆమెను అంత ఒంటరిని చేసినవారిని కూడా లెక్కలోకి తీసుకోవలసి వస్తుంది.

చిత్రం చూపినది

కెమెరాకు తలంపు కనబడదు, ముఖమే కనబడుతుంది. అందుచేత నవలలోని మౌనం సి. నారాయణరెడ్డి గారి సంభాషణలుగా, కె.వి. మహదేవన్ బాణీలుగా మారవలసి వచ్చింది. దీనిలో లాభమూ ఉంది. ఘంటసాల, ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం కలిసి పాడిన పాటలో రెండు గొంతులు ఒక్కటవుతుంటే, ఆ స్నేహం ఎంత గాఢమో వివరణ లేకుండానే తెలుస్తుంది. నష్టమూ ఉంది. సేతుపతిగా ఎన్.టి. రామారావును చూడగానే ప్రేక్షకుని సానుభూతి అటు మొగ్గుతుంది, భార్యను నిర్లక్ష్యం చేసిన తప్పు తేలికవుతుంది. పైగా తెరమీద స్పర్శ అనేది కళ్లెదుట జరిగే సంఘటన. దాని వెనుకనున్న రోజులు, నెలలు అంతగా కనబడవు.

సేవకులకు ప్రయోజనం

మనుష్యులు పైరూపాన్ని చూస్తారని, దేవుడు హృదయాన్ని చూస్తాడని 1 సమూయేలు 16:7 బోధిస్తుంది. మత్తయి 5:28లో ప్రభువు వ్యభిచారమనే మాటను చూపు వరకు, హృదయం వరకు తీసుకుపోయాడు. ధర్మమనేది లోపలి సంగతి అనే విషయంలో విశ్వనాథ గారికీ ఈ బోధకూ దూరం తక్కువే. తేడా ఆ తరువాతి అడుగులో ఉంది. ఏకవీరకు తన మనస్సాక్షి విధించిన శిక్ష తప్ప వేరొక మార్గం కనబడలేదు. యోహాను 8లోని స్త్రీకి మార్గం దొరికింది: ఆమెను శిక్షింపనన్న ప్రభువే ఇక పాపము చేయవద్దని కూడా చెప్పాడు.

కాపరి దగ్గరకు వచ్చే కుటుంబ తగవులు తరచు ఒక్క సంఘటన రూపంలోనే వస్తాయి: ఒక ఫోను మాట, ఒక ఉత్తరం, ఎవరో చూశామన్న ఒక సాయంత్రం. దానినే పట్టుకొని సంఘ క్రమశిక్షణకు పూనుకుంటే మన చూపు కెమెరా చూపే అవుతుంది. ఆ సాయంత్రానికి ముందు ఆ ఇంటిలో ఎన్ని నెలలు మాటలు లేవో అడిగి తెలుసుకోవాలి. తాను చెడిపోయానని, ఇక బ్రతుకు లేదని నమ్మి కూర్చున్న వ్యక్తిని ఆ రాత్రి ఒంటరిగా ఇంటికి పంపకూడదు.