కొసరు ఖరీదు

సంతలో కూరగాయలు కొనువారికి కొసరు కొత్త కాదు. కిలో వంకాయలు తూచిన పిమ్మట గుప్పెడు పచ్చిమిరపకాయలో, రెండు రెమ్మల కరివేపాకో సంచిలో పడనిదే గృహిణి అచ్చటినుండి కదలదు. అమ్మువాడు కొంత గొణుగును. ఆమె కొంత గెలిచినట్లు సంతోషించును. ఆ కొసరు అడిగి పుచ్చుకొనునది. అది గుప్పెడు మించదు గనుక ఆ పూట వంటలో దానివలన పెద్ద మార్పేమియు రాదు.

సూపర్ మార్కెట్టులోని కొసరు తీరు వేరు. అచ్చట ఎవరును అడుగనక్కరలేదు. అంగడియే ముందుగా పలక వ్రేలాడగట్టి, “ఒకటి కొన్నచో మరియొకటి ఉచితము” అని పిలుచును. అడుగకుండ ఇచ్చు ఈ కొసరు ఇల్లు చేరిన పిదప ఏమగుచున్నది? రేపటికి దాచుకొనుచున్నారా, నేడే తినివేయుచున్నారా? చూచుటకు చిల్లర ప్రశ్నవలె ఉన్నను, దీనికి సమాధానము వెదకుటకు బ్రిటను, న్యూజీలండు మొదలగు దేశములలో వైద్యులు, ఆర్థికశాస్త్రజ్ఞులు ఎన్నో ఏండ్లు శ్రమించిరి.

కొనువారు తమంత తామే సరకు తీసికొను అంగడిని 1916లో అమెరికాలోని మెంఫిస్ నగరమున క్లారెన్స్ సాండర్స్ తెరచెను. అంతకు మున్ను సరకంతయు బల్లకు ఆవల ఉండెడిది. అడిగినది మాత్రమే చేతికి వచ్చెడిది. బల్ల తొలగిపోవుటతో కంటికి నచ్చినదెల్ల చేతికందెను. ఆ పిమ్మట మరియొక మార్పు వచ్చినది. 1974 జూన్ 26న ఒహాయో రాష్ట్రములోని ట్రాయ్ పట్టణమున ఒక సూపర్ మార్కెట్టులో, పొట్లము మీద ముద్రించిన నల్లగీతల బార్‌కోడును యంత్రము తొలిసారిగా చదివినది. అట్లు చదివిన మొదటి సరకు చూయింగ్ గమ్. బియ్యమో, పాలో కాక నమలి ఉమ్మివేయు పదార్థముతో ఆ యుగము ఆరంభమైనదని పోషణశాస్త్రజ్ఞులు నవ్వుకొనవచ్చును గాని, ఆ గీతలే వారికి తరువాతి కాలమున గొప్ప సాధనములైనవి.

ఏలయన, “గడచిన వారము ఏమి తింటివి?” అని అడిగినచో మనుష్యుడు చెప్పు మాట అంతగా నమ్మదగినది కాదు. ఆకుకూర జ్ఞాపకముండును; మధ్యలో తిన్న మిఠాయి మరపునకు వచ్చును. యంత్రమునకు ఈ మొగమాటము లేదు. బ్రిటనులో సుమారు 30,000 కుటుంబములు తాము కొని తెచ్చిన ప్రతి పొట్లము మీది గీతలను ఇంటివద్దనే చిన్న యంత్రముతో చదివించి, లెక్కను ఒక విపణి పరిశోధన సంస్థకు పంపుచుండెడివి. వ్యాపారుల ఉపయోగమునకై పుట్టిన ఆ లెక్కలనే ప్రజారోగ్య పరిశోధకులు తమ పనికి వాడుకొనిరి.

ఇంగ్లండు ప్రజారోగ్య సంస్థ 2015 అక్టోబరులో చక్కెరపై ప్రకటించిన నివేదికకు ఆధారము ఇట్టి లెక్కలే. బ్రిటనులో ఇంటికొరకు కొను ఆహారపానీయములపై వెచ్చించు సొమ్ములో నూటికి 40 వంతులు ఏదో యొక తగ్గింపు క్రింద అమ్ముడగు సరకుపైననే వెచ్చింపబడుచున్నదని అందులో తేలినది. ఐరోపాలో మరే దేశమునను తగ్గింపుల జోరు ఇంతగా లేదట. తగ్గింపుల మూలమున జనులు కొను ఆహారము నూటికి 22 వంతులు పెరుగుచున్నది. పలక లేకున్న ఆ సరకు వారు కొనియే ఉండరు. సబ్బుబిళ్ల ఉచితముగా వచ్చినదని ఎవరును రెండింతలు రుద్దుకొనరు. బిస్కత్తుల సంగతి అట్లు కాదు. ఎదుట నున్నంతసేపు చేయి దానివైపే పోవును.

చెడు తిండికే తగ్గింపులు ఎక్కువగా ఇచ్చుచున్నారా అను విషయమున మాత్రము పరిశోధకులలో ఏకాభిప్రాయము లేదు. చక్కెర అధికముగా గల సరకుకే అవి ఎక్కువయని పై నివేదిక చెప్పినది. సుమారు 27,000 కుటుంబముల 2010వ సంవత్సరపు కొనుగోళ్లను పరిశీలించి 2015లోనే వెలువడిన వేరొక పరిశోధన, మంచి తిండికిని చెడు తిండికిని తగ్గింపులు దాదాపు సమానముగనే ఉన్నవనినది. అయినను తగ్గింపు ఇచ్చినప్పుడు అమ్మకము ఎక్కువగా పెరుగునది చెడు తిండిదేనని అందులోను తేలినది. కారణము ఊహించుట కష్టము కాదు. టమాటాలు రెండు కిలోలు కొన్నచో సగము కుళ్లిపోవును. వేపుడు చిరుతిండి పొట్లములు నెలల తరబడి నిలువ యుండును. ఇంకొక విచిత్రము: పలకకు స్పందించువారిలో కలిగినవారే ముందున్నారు. తగ్గింపు ధరలు బీదల పాలిటి కల్పవృక్షమను వాదమునకు ఇది మింగుడుపడని మాట.

గడచిన కొనుగోళ్ల లెక్కలు చూచుట యొక మార్గము. తామే ధర తగ్గించి చూచుట మరియొక మార్గము. ఈ రెండవ దానిలో పేరెన్నికగన్నది న్యూజీలండులో జరిగి, 2010లో ఫలితములు వెలువడిన ప్రయోగము. ఎనిమిది సూపర్ మార్కెట్టులలో సరకు కొను 1,104 మందిని చీట్లు వేసినట్లు నాలుగు జట్లుగా విభజించిరి. ఒక జట్టునకు ఆరోగ్యకరమైన ఆహారముపై నూటికి 12.5 వంతుల తగ్గింపు ఇచ్చిరి. ఆ అంకె యాదృచ్ఛికము కాదు. అప్పుడు ఆ దేశమున సరకులపై విధించు పన్ను సరిగా అంతయే. ఆ పన్ను ఎత్తివేసినచో ఏమగునో దీనివలన తెలియును. రెండవ జట్టునకు ధర తగ్గింపక, వారు కొను సరకును బట్టి, వారి వారి ఆహార సంప్రదాయములకు తగినట్లు, ఏది మాని ఏది కొనవలెనో తెలుపు బోధన పత్రములను పంపిరి. మూడవ జట్టునకు రెండును లభించినవి. నాలుగవ దానికి ఏమియు లేదు. ఇట్లు ఆరు మాసములు జరిపి, మరి ఆరు మాసములు కనిపెట్టిరి.

ధర తగ్గినవారు ఆరు మాసముల తుది నాటికి వారమునకు 790 గ్రాముల మంచి ఆహారమును అధికముగా కొనిరి. అనగా నూటికి 11 వంతుల పెరుగుదల. తగ్గింపు ఆపివేసిన ఆరు మాసములకును అందులో సుమారు సగము నిలిచియుండెను. బోధన పత్రముల వలన కొనుగోళ్లలో చెప్పదగిన మార్పు ఏదియు కనబడలేదు. విద్య గరపుటయే వృత్తిగా గలవారికి రుచింపని ఫలితమిది. కాని ఆ పత్రములు అశ్రద్ధగా కూర్చినవి కావు. ఒక్కొక్క కుటుంబము కొనుగోళ్లు చూచి దానికి తగినట్లు సమకూర్చినవి. పండు మంచిదని వారికి తెలియకపోలేదు. తెలిసినదానికిని బండిలో పడుదానికిని నడుమ వెల నిలిచియున్నది.

అయితే ధర తగ్గింపు గెలిచినదని అనుటకును వీలులేదు. ఆ ప్రయోగము ముఖ్యముగా కొలువ దలచినది మేలు చేయని సంతృప్త క్రొవ్వు పాలు తగ్గినదా యని. అది తగ్గలేదు. పండ్లు, కాయగూరలు అదనముగా కొన్నవారు వెన్నను, మాంసపు తినుబండారములను మానలేదు. బండిలో మంచి చేరినది, చెడు దిగలేదు. కావున మంచిదానిని చౌక చేయుటతోపాటు చెడ్డదానికి ఇచ్చు కొసరును కూడ ఆపవలెనని వాదించువారికి ఇది బలమిచ్చినది.

ఇంగ్లండులో ఈ వాదము పార్లమెంటు వరకు పోయెను. ఆ దేశపు ప్రాథమిక పాఠశాలలలో మొదట చేరిన పిల్లలను, చివరి తరగతిలోని పిల్లలను 2005-06 నుండి ఏటేట తూచి, ఎత్తు కొలుచుచున్నారు. 2023-24లో చివరి తరగతి పిల్లలలో నూటికి 22 మంది స్థూలకాయులు. బీద ప్రాంతములలో వీరి పాలు సంపన్న ప్రాంతములలోని దానికి రెండింతలు మించినది. ఇట్టి లెక్కల ఒత్తిడి పెరుగగా 2021లో ప్రభుత్వము నిబంధనలు చేసినది. క్రొవ్వు, చక్కెర, ఉప్పు మితిమీరిన నిర్ణీత సరకును పెద్ద అంగళ్లలో ద్వారము కడను, డబ్బు చెల్లించు చోటను, వరుసల కొసలను ఉంచరాదు. దానిపై “ఒకటికి ఒకటి ఉచితము” వంటి ఎర చూపరాదు. వరుస కొస అనగా సామాన్యమైన తావు కాదు. ఇంగ్లండులో ఒక అంగడిని పరిశీలించి 2014లో ప్రకటించిన లెక్క ప్రకారము, అచ్చట పేర్చినంత మాత్రమున తేయాకు అమ్మకమే రెండింతలు దాటినది.

మొదటి నిబంధన 2022 అక్టోబరు 1న అమలులోనికి వచ్చెను. రెండవదానిని మాత్రము ఆ ఏడు మే నెలలోనే వాయిదా వేసిరి. ధరలు మండిపోవుచున్న కాలమున బీదలకు దొరకు కొసరును లాగివేయరాదనిరి. వంటల నిపుణుడు జేమీ ఆలివర్ ప్రధానమంత్రి నివాసము కడ జనులను కూర్చి, ఈటన్ మెస్ అను మిఠాయిని చేతబూని నిరసన తెలిపెను. అది స్ట్రాబెరీ పండ్లు, మీగడ కలిపినది. ప్రధాని బోరిస్ జాన్సన్ చదివిన పాఠశాల పేరు దానికున్నది. ఇంత తీయని నిరసన అరుదు. ప్రభుత్వము కదలలేదు సరిగదా, 2023లో మరల గడువు పెంచెను. బీదల సొమ్ము మిగులుచున్నదన్న వాదమునకు 2015 నాటి అంకెలు ఎదురుగానే ఉన్నవి: పలక చూచి జనులు ఎక్కువ కొనుచున్నారు. మూడు రూపాయల వస్తువు రెండు రూపాయలకు దొరకినను, అది కొననక్కరలేని వస్తువైనచో మిగిలినది ఏమి? రెండు రూపాయలు పోయినవి.

తుదకు 2025 అక్టోబరు 1న ఆ నిబంధనయు అమలులోనికి వచ్చినది. ఏబది మందికి తక్కువ పనివారు గల వ్యాపారములకు అది వర్తింపదు. నిషేధించినది గుంపుగా కొనిపించు ఎరను మాత్రమే. వట్టి ధర తగ్గింపును అది ముట్టలేదు. నిబంధనకు లోబడిన చాక్లెట్టు పొట్లములను ఒకదాని వెలకు రెండు ఇచ్చుట ఇప్పుడు ఇంగ్లండు సూపర్ మార్కెట్టులో కుదరదు. అవే రెండు పొట్లములను ఒక్కొక్కటి సగము వెలకు అమ్ముటకు అడ్డు లేదు.